వీపీఎన్ కలుస్తలేదు

మా చెల్లెలి మొగుడు గల్ఫ్‌కు పోయే ముందు రోజు అతని ఫోన్‌లో వీపీఎన్ పెట్టి ఇచ్చింది నేనే. ఈ మాట ఠాణాలో ఒకసారి, మా బాపు ముందర ఒకసారి ఒప్పుకున్నాను. నాలో నేను ఎన్నిసార్లు ఒప్పుకున్నానో చెప్పలేను.

మా ఇల్లు ఉప్పుగూడ స్టేషన్ వెనక గల్లీలో. బాపు రైల్వేలో ఖలాసీగా చేసి రిటైరయ్యాడు. అమ్మ పోయి చాలా ఏళ్లయింది. కింద రెండు గదుల్లో నేనూ బాపూ, పైన రేకుల గదిలో చెల్లెలూ దాని మొగుడూ వాళ్ల బిడ్డా ఉండేవాళ్లం. నాకు పెళ్లి కాలేదు, ఆ కథ వేరు. ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. చెల్లెలు పదో తరగతి లెక్కల్లో తప్పి మళ్లీ పరీక్ష కట్టలేదు. చీరలకు ఫాల్స్ కుట్టడం, పీకో చేయడం నేర్చుకుని, కిటికీ పక్కన మిషన్ వేసుకుని కూర్చునేది. గోటా, లేసు కావాలంటే లాడ్ బజార్‌కు పోయి, నాలుగు దుకాణాలు తిరిగి, రంగు సరిగ్గా కలిసేదాకా వదిలేది కాదు. దాని కంటికి రంగుల్లో చిన్న తేడా కూడా తెలిసిపోయేది. ఆ కన్నును నేనెప్పుడూ తెలివిగా లెక్కించలేదు.

నా ఉద్యోగమే వీపీఎన్. ఒక కంపెనీలో హెల్ప్‌డెస్క్‌లో చేస్తాను. ఇంటి దగ్గర కూర్చుని పని చేసే ఉద్యోగులు ఆఫీసు కంప్యూటర్లలోకి రావాలంటే ఆ దారి గుండానే రావాలి. అది తెగితే నాకు ఫోన్ చేస్తారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకటే మాట వింటాను, "మేడం, కనెక్ట్ అవ్వట్లేదు" అని. నా తెర మీద ఎవరు, ఎన్నింటికి, ఏ ఊరి నుంచి, ఏ ఇంటర్నెట్ కంపెనీ తీగ మీద లోపలికి వచ్చారో వరసగా కనిపిస్తుంది. ఒకసారి ఒకతను ఇంట్లో ఉన్నానని చెప్పి, రెండు నెలలు వేరే రాష్ట్రంలో ఉంటూ పని చేశాడు. ఊరు కనపడకుండా ఏదో యాప్ కూడా వాడాడు. అతన్ని పట్టుకున్నది నేనే. మా మేనేజరు నలుగురిలో నన్ను మెచ్చుకున్నాడు. అతని ఉద్యోగం పోయింది. ఆ రోజు నేను ఇంటికి మిఠాయి పట్టుకొచ్చాను. ఇది చెప్పకుండా దాటేయాలనిపించింది కానీ, చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

మా చెల్లెలి మొగుడికి గల్ఫ్‌లో ఏసీల పని దొరికింది. అతను పోతున్న దేశంలో మెసేజ్‌లు పోతాయి, ఫొటోలు పోతాయి, కానీ మనం ఇక్కడ రోజూ వాడే యాప్‌లలో మాట్లాడదామంటే మాత్రం కలవనివ్వరు. అందుకే మా గల్లీలో గల్ఫ్‌కు పోయే ప్రతి మనిషి ఫోన్‌లోనూ దొంగచాటుగా వీపీఎన్ ఉంటుంది. పోయేముందు రోజు అతను మెట్ల మీద కూర్చుని, ఇది ఎట్లా పని చేస్తుందో చెప్పమని అడిగాడు. నాకు తెలిసిన విషయం ఎవరైనా అడిగితే నాకు హుషారు.

"మెయిన్ రోడ్డు మీద పోలీసులు ఆపుతున్నరనుకో, మనం గల్లీలకెళ్లి పోయి అవతల తేలుతం గదా, గట్లనే" అన్నాను. "నువ్వు ఆడ ఉంటవు, ఫోన్ మాత్రం ఇంకో దేశంల ఉన్నట్టు చూపిస్తది."

"అంటే నేనెక్కడున్ననో ఎవ్వరికి తెల్వదా వదినా?" అన్నాడు.

అది అనుమానించాల్సిన ప్రశ్నేమీ కాదు. యాప్ పెట్టించుకోవడానికి వచ్చిన ప్రతివాళ్లూ అదే అడుగుతారు. తెల్వదు, నిమ్మళంగా పో అన్నాను. మూడు యాప్‌లు పెట్టి ఇచ్చాను. ఒకటి కలవకపోతే ఇంకోటి, అదీ కలవకపోతే దేశం మార్చి చూడమన్నాను. అక్కడ పట్టుబడితే పెద్ద జుర్మానా వేస్తారని, అవసరానికే వాడమని కూడా చెప్పాను. జాగ్రత్తలన్నీ చెప్పాను.

మొదటి ఏడాది రోజూ ఫోన్ వచ్చేది. సాయంత్రం ఏడున్నర ప్రాంతంలో వీడియోలో కనిపించేవాడు. ఎండాకాలంలో వెనక కిటికీలోంచి కళ్లు చెదిరేంత ఎండ. ఇంత ఎండలో మేడలెక్కి పని చేస్తున్నానని చెల్లెలికి చూపించేవాడు. చెల్లెలు మిషన్ ఆపి, బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని మాట్లాడేది. బిడ్డ ఫొటోలు అతను చూసుకోవడానికి వీలుగా చెల్లెలి మెయిల్ ఖాతానే అతని ఫోన్‌లోనూ తెరిచి పెట్టాను. ఇక్కడ ఫొటో తీస్తే అక్కడ కనిపిస్తుంది. అది కూడా నా ఏర్పాటే.

ఆదివారం పొద్దున మా ఇంటి ముందు చెప్పులు పేరుకునేవి. మొగుళ్లు, కొడుకులు గల్ఫ్‌లో ఉన్న ఆడవాళ్లు ఫోన్లు పట్టుకుని వచ్చేవారు. గల్లీ చివరింటి పెద్దామె, మేమందరం ఖాలా అంటాం, అందరికన్నా ముందు వచ్చేది. ఆమె కొడుకు అక్కడ బండి నడుపుతాడు. "బేటీ, నై లగ్‌రా, జర దేఖో" అంటూ, కలుస్తలేదు కాస్త చూడమని ఫోన్ నా చేతిలో పెట్టి, కొంగులోంచి బెల్లం పల్లీలు తీసి ఇచ్చేది. నేను యాప్ మార్చి, కొడుకుకు ఏం చేయాలో మెసేజ్ పెట్టి, ఫోన్ కలిపి ఇచ్చేదాన్ని. కొడుకు గొంతు వినపడగానే ఖాలా నా తల నిమిరేది. మా బాపు అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తూ, వచ్చిపోయేవాళ్లతో "మా పెద్ద బిడ్డకు తెల్వనిది లేదు" అనేవాడు. ఆ మాట నాకు చెడ్డగా అలవాటైంది.

రెండో ఏడాది దాటాక ఫోన్లు తగ్గాయి. వీడియో పూర్తిగా పోయింది. అడిగితే ఒకటే జవాబు, వీపీఎన్ కలుస్తలేదు. నాలుగు రోజులు ఫోన్ రాకపోతే, ఐదో రోజు రెండు నిమిషాలు మాట్లాడి, ఆడ మస్తు గట్టిగ చేస్తున్నరు, యాప్‌లన్ని బంద్ చేసిండ్రు అని చెప్పి పెట్టేసేవాడు. చెల్లెలు నన్ను అడిగేది, నిజంగా అట్లా బంద్ చేస్తారా అని. చేస్తారు, అది నిజమే. అప్పుడప్పుడూ గట్టిగా బిగిస్తారు, మళ్లీ వదిలేస్తారు. ఖాలా కొడుకుకు మాత్రం కలుస్తున్నది కదా అని చెల్లెలు అంటే, ఒక్కో ఫోన్ కంపెనీ ఒక్కో తీరుగా ఉంటుందని చెప్పాను. డబ్బు నెలనెలా వస్తూనే ఉంది. అందుకని నాకు కానీ బాపుకు కానీ వేరే ఆలోచన రాలేదు.

ఒకరోజు నేను ఆఫీసు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే చెల్లెలు మెట్లు దిగి వచ్చింది. ఫోన్ నా ముందు పెట్టింది. దాని మెయిల్ ఖాతా కొత్త ఫోన్‌లో తెరుచుకుందని, ఆ ఫోన్ ఎక్కడుందో చూపిస్తూ ఒక హెచ్చరిక వచ్చింది. ఊరి పేరు పుణె.

"అక్కా, పుణె అని ఎందుకొస్తుంది?" అంది.

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆలోచించకుండా జవాబు చెప్పగలగడమే నా గొప్ప అనుకునేదాన్ని. వీపీఎన్ అంటేనే అది, ఉన్న చోటు దాచి లేని చోటు చూపిస్తుంది, ఇండియా అని పెట్టుకుంటే ఇండియాలో ఏదో ఊరు చూపిస్తుంది, కొత్త ఫోన్ కొన్నాడేమో అని చెప్పాను. చెల్లెలు ఇంకా అక్కడే నిలబడి ఉంది. దాని ముందే మరిదికి మెసేజ్ కూడా పెట్టాను. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసే మా పద్ధతిలో, "పుణె అని చూపిస్తుంది, వీపీఎన్‌దే గదా, చెల్లెకు నేను నచ్చజెప్పిన, ఫికర్ చెయ్యకు" అని. అతని నుంచి జవాబుగా రెండు చేతులు జోడించిన బొమ్మ వచ్చింది. మాట ఒక్కటీ లేదు. చూసినవా అన్నట్టు ఫోన్ చెల్లెలికి చూపించాను. అది తల ఊపి పైకి పోయింది.

ఆ సాయంత్రం నేను చేయాల్సిన పని ఒకటి ఉంది. ఆ హెచ్చరిక మీద వేలు పెడితే అంకెల చిరునామా కనిపిస్తుంది. ఆ అంకెలు ఏ కంపెనీవో చూస్తే, అది వీపీఎన్ వాళ్ల యంత్రమా, ఎవరింట్లోనో పెట్టిన ఇంటర్నెట్టా తేలిపోతుంది. ఐదు నిమిషాలు కూడా పట్టదు. ఆఫీసులో ముక్కూ మొహం తెలియనివాళ్ల కోసం రోజుకు ఇరవైసార్లు చేస్తాను. నా చెల్లెలి కోసం చేయలేదు. అనుమానం లేక కాదు, జవాబు నా దగ్గర ముందే ఉందనుకుని.

ఇంకో ఆరు నెలలు గడిచాయి. ఎండాకాలం సెలవుల్లో బిడ్డకు ఎనిమిదేళ్లు నిండాయి. కేకు కోసే ముందు నాన్న కనబడాల్సిందేనని అది ఏడుపు మొదలుపెట్టింది. చెల్లెలు మెసేజ్‌ల మీద మెసేజ్‌లు పెట్టింది. చివరికి ఏడున్నర దాటాక వీడియో వచ్చింది. నిమిషం కూడా లేదు. అతని మొహం దగ్గరగా, పైన ట్యూబులైటు, వెనక కిటికీ. హ్యాపీ బర్త్‌డే అన్నాడు, నెట్ పోతున్నదన్నాడు, పెట్టేశాడు. బిడ్డ ఆ మాత్రానికే ఎగిరి గంతులేసింది. బాపు చప్పట్లు కొట్టాడు. నేను కేకు ముక్కలు పంచాను. చెల్లెలు చాకు పట్టుకుని అట్లాగే కూర్చుంది. బిడ్డను చూసి కళ్లనీళ్లు పెట్టుకుందేమో అనుకున్నాను.

మరునాడు నేను టిఫిన్ డబ్బా సర్దుకుంటుంటే వచ్చి, మామూలుగా అడిగినట్టే అడిగింది.

"అక్కా, ఆడ టైం మనకంటె ముందుంటదా, యెనక ఉంటదా?"

"యెనక. గంటన్నర" అన్నాను, డబ్బా మూత బిగిస్తూ. ఎందుకు అడిగిందో అడగలేదు. రైలు టైమైంది.

మూడు రోజులు అది ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మిషన్ కూడా తిరగలేదు. నాలుగో రోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి బిడ్డను బాపుతో దుకాణానికి పంపి, నన్ను పైకి పిలిచి తలుపు దగ్గరికి వేసింది.

"బర్త్‌డే నాడు ఆయన యెనక కిటికీ చూసినవా?" అంది.

చూడలేదన్నాను.

"చీకటున్నది. మనకు ఏడున్నర దాటితే ఆడ ఆరు గావాలె. ఎండాకాలం ఆరింటికి ఆడ ఎండ కొడ్తది. మొదటేడు రోజు చూసిన నేను, కండ్లు చెదిరేది. మొన్న మన కిటికీల ఎంత చీకటున్నదో, ఆయన కిటికీల గంతే ఉన్నది. ఆయన ఆడ లేడక్కా" అంది.

నేను అప్పుడు కూడా ఏదో చెప్పబోయాను. తెర వేసి ఉంటారనో, ఎదురుగా మేడ ఉంటుందనో. నోటిదాకా వచ్చింది. దాని మొహం చూసి మింగేశాను. లాప్‌టాప్ తెచ్చి దాని మెయిల్ ఖాతా తెరిచాను.

ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ ఖాతా ఎక్కడెక్కడి నుంచి తెరుచుకుందో, గడిచిన నెల రోజుల జాబితా ఉంది. వీపీఎన్ వాడే మనిషి ఇవాళ ఒక దేశంలో కనిపిస్తే రేపు ఇంకో దేశంలో కనిపిస్తాడు. ఒక్కోసారి ముసుగు జారి, ఉన్న దేశమే బయటపడుతుంది. ఇతను నెలంతా ఒకే ఊళ్లో ఉన్నాడు. పొద్దునా రాత్రీ ఒకే ఇంటి కనెక్షన్ మీద, పగలు ఫోన్ సిమ్ మీద. ఏ ముసుగూ లేదు. వీపీఎన్ అసలు లేనే లేదు. ఆరు నెలల కిందటి హెచ్చరిక మెయిల్‌లో అట్లాగే ఉంది. అది కూడా చూశాను. అదే ఇల్లు, అదే తీగ. మాతో మాట్లాడే యాప్‌లో అక్కడి నంబరు మాత్రం మార్చకుండా ఉంచుకున్నాడు. మనిషి ఎక్కడికి పోయినా అందులో నంబరు మారదు కాబట్టి, మాకు వచ్చే ఫోన్లన్నీ గల్ఫ్ నంబరు నుంచే వస్తున్నట్టు కనిపించేవి.

చెల్లెలు నా పక్కన కూర్చుని తెర చూస్తోంది. దానికి ఆ అంకెలు అర్థం కావు. నా మొహం చూసి అర్థం చేసుకుంది. "అయితే నిజమే" అంది. ఏడవలేదు. నేను ఏడ్చాను. అది లేచి నాకు నీళ్లు తెచ్చిచ్చింది.

అక్కడ అతనితో ఒకే గదిలో ఉన్న మనిషి ఒకాయన ఛత్రినాకలో ఉంటాడు. సెలవు మీద వచ్చాడని తెలిసి ఇద్దరం పోయాం. ఆయన మంచివాడే. మమ్మల్ని కూర్చోబెట్టి, చాయ్ తెప్పించాడు. తర్వాత చెప్పాడు. మా మరిది పని మానేసి ఇండియాకు వచ్చి ఏడాది కావస్తోంది. అక్కడి క్యాంపు వంటశాలలో పని చేసిన ఒకామెది పుణె. ఆమెతో పాటే వచ్చేశాడు. పుణెలో ఏసీల పనే చేసుకుంటున్నాడు. "మీకు తెల్సనుకున్న అక్కా. ఇంట్ల చెప్పిన అన్నడు" అన్నాడాయన. ఇండియా నంబరు కూడా ఆయనే ఇచ్చాడు.

చెల్లెలు అక్కడే, ఆ ఇంటి గడపలో నిలబడి ఫోన్ చేసింది. వీపీఎన్ లేదు, యాప్ లేదు, మామూలు ఫోన్. రెండో రింగుకే ఎత్తాడు. వెనక కుక్కర్ విజిల్ నాకు కూడా వినబడింది.

"ఇయ్యాల మంచిగ కలిసింది" అంది చెల్లెలు. అంతే. కొంతసేపు చెవి దగ్గరే పెట్టుకుని, తర్వాత ఫోన్ బ్యాగులో వేసుకుంది.

బాపుకు ఆ రాత్రి అన్నం తిన్నాక అంతా చెప్పాం, నేను పెట్టిచ్చిన వీపీఎన్ సంగతితో సహా. ఆయన చెల్లెలిని ఒక్క మాట అనలేదు. అల్లుడిని కూడా అనలేదు. నా దిక్కు తిరిగి, "గంత సదువు సదివి గిది తెల్వలేదా నీకు?" అన్నాడు. ఆ తర్వాత మా పెద్ద బిడ్డకు తెల్వనిది లేదన్న మాట ఆయన నోట మళ్లీ రాలేదు. ఆయన మీద నాకు కోపం వచ్చింది. మోసం చేసింది వాడు, మాట పడేది నేనా అనుకున్నాను. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

చెల్లెలు ఠాణాలో అర్జీ పెట్టింది. కేసు కట్టే ముందు ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించే మేడం ఒకామె ఉంటారు. పిలిపిస్తే అతను వచ్చాడు, అన్నను వెంటబెట్టుకుని. ఇస్త్రీ చొక్కా, కొత్త బూట్లు. తల వంచుకుంటాడనుకున్నాను. వంచుకోలేదు. మేడం చెల్లెలి అర్జీ చదివి, ఏడాది పాటు దేశంలోనే ఉండి భార్యకు గల్ఫ్‌లో ఉన్నానని ఎందుకు చెప్పావని అడిగింది.

"నేనేం దాచలే మేడం" అన్నాడు. "పుణె అని వాండ్ల ఫోన్లనే కనవడ్డది. ఆరు నెలలకెల్లి వాండ్లకు ఎరికే. మా వదిన కంప్యూటర్ ఆఫీసుల పని చేస్తది. ఆమెనే నాకు మెసేజ్ పెట్టింది. చూడుండ్రి."

ఫోన్ తీసి మేడం ముందు పెట్టాడు. నేను పెట్టిన మెసేజ్. దాన్ని అంత జాగ్రత్తగా దాచుకున్నాడు. మేడం దాన్ని పైకి చదివింది. గదిలో ఆమె, మేము, రాసుకునే కానిస్టేబులు, అందరూ విన్నారు. పుణె అని చూపిస్తుంది, వీపీఎన్‌దే గదా, చెల్లెకు నేను నచ్చజెప్పిన, ఫికర్ చెయ్యకు.

అతని ఫోన్‌లో వీపీఎన్ పెట్టి ఇచ్చింది నేనేనని ఒప్పుకుని, అది కూడా దాని పనే అనుకుని అట్లా రాశానని చెప్పబోయాను. అతను అడ్డం వచ్చాడు.

"వీపీఎన్ అని నేనన్ననా మేడం? కింద నా జవాబు చూడుండ్రి. దండం పెట్టిన, గంతే."

నిజమే. అతను రాతలో ఎక్కడా అబద్ధం ఆడలేదు. ఆ పని అతని తరఫున నేనే చేసి పెట్టాను, నా చెల్లెలిని ఎదురుగా నిలబెట్టుకుని.

మేడం కళ్లద్దాలు తీసి నన్ను చూసింది. "మీరు ఇదే లైన్‌ల పని చేస్తరా?" అని అడిగింది. అవునన్నాను. "మరి?" అంది.

కానిస్టేబులు పెన్ను ఆపి నా జవాబు కోసం చూసింది. రాసుకోవడానికి నేనేమీ ఇవ్వలేకపోయాను. చెల్లెలు నా దిక్కు చూడలేదు. నేలను చూస్తూ, కొంగు అంచును వేళ్లతో మడుస్తూ కూర్చుంది. రాజీ కుదరలేదు. అతను వెనక్కి వచ్చేది లేదన్నాడు, రమ్మని చెల్లెలు అడగనూ లేదు. బయటికొచ్చాక అతను నా ముందు నుంచే పోతూ, "వస్త వదినా" అన్నాడు, ఏదో పెళ్లి నుంచి పోతున్నట్టు.

ఆ తర్వాత నేను మారాను, అయితే మంచికి కాదు. ఒక ఆదివారం ఖాలా మామూలుగానే వచ్చి, వారం రోజులుగా కొడుకు ఫోన్ కలవడం లేదంది. నేను యాప్ చూడలేదు. కొడుకు ఎక్కడున్నాడో నీకు నిజంగా తెలుసా, వీడియోలో కిటికీ తెరిచి బయట చూపించమని అడుగు, గదిలో ఇంకెవరున్నారో అడుగు అన్నాను. ఉర్దూలోనే, గట్టిగా చెప్పాను. పక్కన ఇద్దరు ఆడవాళ్లు కూడా ఉన్నారు. ఖాలా మొహం నల్లబడింది. "మేరా బచ్చా వైసా నై బేటీ" అంది, నా కొడుకు అట్లాంటోడు కాదని, చాలా మెల్లగా. ఫోన్ తీసుకుని పోయింది. తర్వాత తెలిసింది, కొడుకు ఫోన్ పని దగ్గర కింద పడి పగిలిందట. అక్కడే ఉన్నాడు, బండే నడుపుతున్నాడు. పోయి మాఫీ అడిగాను. అరె, గదేం లేదు బేటీ అంది. చాయ్ కూడా ఇచ్చింది. కానీ మళ్లీ ఫోన్ పట్టుకుని రాలేదు. ఆమె మానేశాక మిగతావాళ్లూ ఒక్కొక్కరుగా మానేశారు. ఆదివారాలు ఇప్పుడు ఖాళీ.

ఆఫీసులో మాత్రం అదే తెర, అవే వరసలు. ఎవరెక్కడి నుంచి వస్తున్నారో నాకు కనిపిస్తూనే ఉంటుంది. వేరే ఊరి నుంచి పని చేసి దొరికిపోయిన ఆ మనిషి అప్పుడప్పుడూ గుర్తుకొస్తాడు. వాళ్లమ్మకు ఆపరేషన్ అయిందని, పక్కన ఎవరూ లేక పోయానని ఆ రోజు ఫోన్‌లో చెప్పాడు. తెర మీద ఊరు తప్పు అని చెప్పి పెట్టేశాను. అప్పుడు అంత కచ్చితంగా ఉండగలిగాను.

చెల్లెలి కేసు నయాపూల్ దగ్గర కోర్టుకు చేరింది. మొదటి మూడు వాయిదాలకు నేను సెలవు పెట్టి వెంట పోయాను. మెట్ల మీద కూర్చునేవాళ్లం. నల్లకోట్లు, చాయ్ గ్లాసులు, పేరు పిలుస్తారేమోనని చెవులు రిక్కించి కూర్చున్న మనుషులు. మా వకీలు నన్ను పక్కకు పిలిచి, ఆ మెసేజ్ సంగతి అవతలివాళ్లు మళ్లీ తీస్తారు, మీరు ఎంత తక్కువ కనబడితే అంత మంచిది అన్నాడు. చెల్లెలు వినే ఉంటుంది. నాలుగడుగుల దూరంలోనే ఉంది.

ఈమధ్య ఒకరోజు నేను స్టేషన్ నుంచి నడిచి వస్తుంటే, చెల్లెలు మూల మీది సెల్‌ఫోన్ దుకాణంలో నిలబడి కనిపించింది. కౌంటరులోని ఆయన దాని ఫోన్‌లో ఏదో మారుస్తున్నాడు. ఇంటికొచ్చాక అడిగాను. పాత మెయిల్ ఖాతా తీసేయించిందట, పాస్‌వర్డులన్నీ మార్పించిందట. యాభై రూపాయలు తీసుకున్నాడంది. నేను ఇంట్లో ఉండగా దుకాణానికి ఎందుకు పోయినవే, నేను చెయ్యనా అన్నాను. నా గొంతులో కోపం ఉంది, దాచుకోలేకపోయాను.

అది ఆరేసిన బట్టలు మడతపెడుతూ ఉంది.

"నువ్వు అబద్ధం చెప్పినవని కాదక్కా" అంది చివరికి. "నువ్వేది చెప్పినా నేను నమ్ముత. గదే భయం నాకు. ఆ దుకాణపాయన చెప్తే సగమే నమ్ముత, మిగతా సగం నేనే చూసుకుంట."

మడతపెట్టిన బట్టలు తీసుకుని అది పైకి పోయింది.

తర్వాతి వాయిదాకు నేను సెలవు పెట్టానని చెప్పాను. వద్దంది. నయాపూల్ బస్సు ఒక్కతే ఎక్కింది. సాయంత్రం వచ్చాక ఏమైందని బాపు అడిగితే, మళ్లీ తేదీ ఇచ్చారని మాత్రం చెప్పింది. లోపల ఏమడిగారో, ఏం చెప్పిందో, ఏ కాగితాలు పెట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు.